నో_ప్రాక్సీ మీద కోపం ఇంకా పోలేదు

లినక్స్ సర్వర్‌కు ప్రాక్సీ (మన తరఫున బయటి నెట్‌కు వెళ్లొచ్చే మధ్యవర్తి సర్వర్) ఎలా పెట్టాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. ఈటీసీ ఫోల్డర్ కింద ఉండే ఎన్విరాన్‌మెంట్ ఫైలులో మూడు లైన్లు రాసి మళ్లీ లాగిన్ అయితే చాలు, ఎవరినడిగినా చెబుతారు. నా గొడవంతా ఆ మూడో లైనుతోనే. నో_ప్రాక్సీ. ఈ అడ్రసులకు ప్రాక్సీ మీదుగా పోవద్దు, నేరుగా పో అని చెప్పే లైను.

2022 నుంచి మా ఆఫీసులో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) 22.04 వెర్షన్ నడిచే పదకొండు సర్వర్లు నేనొక్కణ్నే చూసుకుంటున్నాను. బయటికి వెళ్లాలంటే ప్రాక్సీ తప్పదు. మొదట్లో లోపలి సర్వర్ల ఐపీలు (అంకెల అడ్రసులు) కామాలు పెట్టి ఒక్కొక్కటే రాసేవాణ్ని. చూస్తుండగానే లైను గూడ్స్ బండంత అయింది. తర్వాత 24.04తో కొత్త సర్వర్ వచ్చినప్పుడు ఆ బండినంతా తీసేసి 10.0.0.0/8 అని ఒక్క ముక్క రాశాను, అంటే 10తో మొదలయ్యే ఐపీలన్నీ. వెబ్ అడ్రసులను పిలిచే కర్ల్ అనే కమాండ్‌తో లోపలి యాప్‌ను పిలిస్తే టక్కున పలికింది. ఇంత సుఖం ఉండగా ఇన్నాళ్లూ ఎందుకు కష్టపడ్డాననుకుని, అదే లైను పాత సర్వర్లన్నిటికీ కాపీ చేసి ఇంటికి బయల్దేరాను. శుక్రవారం సాయంత్రం.

బస్సు ఎక్కానో లేదో ఫోన్ మోగడం మొదలు. పది నిమిషాలకోసారి క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపేది) నడుస్తూ కర్ల్‌తో పిలిచి చూసే చెకింగ్ స్క్రిప్ట్ బిల్లింగ్ యాప్ పడిపోయిందంటోంది. డెవలపర్‌కు ఫోన్ చేస్తే, "అన్నా, యాప్ నా ముందే నడుస్తోంది. నీ సర్వర్లే చూసుకో" అన్నాడు. ఇంటికెళ్లి ల్యాప్‌టాప్ తెరిచి ఫైర్‌వాల్ చూశాను, రూటింగ్ చూశాను. బాగానే ఉన్న యాప్‌ను ఒకసారి రీస్టార్ట్ కూడా చేయించాను, దానికి అతను ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. కొత్త సర్వర్ నుంచి మాత్రం ఒక్క అలర్టూ లేదు. అన్నం చల్లారిపోయాక బుర్ర వెలిగింది. పాత సర్వర్‌లో కర్ల్‌కు మైనస్ వీ (ఏం చేస్తోందో వివరంగా చెప్పమనే గుర్తు) తగిలించి చూస్తే, నో_ప్రాక్సీ వాడుతున్నానని ఒక లైను, దాని కిందే హెచ్‌టీటీపీ_ప్రాక్సీ (ప్రాక్సీ అడ్రసు చెప్పే లైను) వాడుతున్నానని ఇంకో లైను! కర్ల్ నేను రాసింది చదివింది, అర్థం కాలేదు, కిమ్మనకుండా ప్రాక్సీ దగ్గరికి పోయింది. లోపలి అడ్రసు కాబట్టి ప్రాక్సీ 403 (అనుమతి లేదు) కొట్టి పంపింది.

22.04తో వచ్చేది కర్ల్ 7.81. ఇలా స్లాష్ పెట్టి రాసే రేంజ్ దానికి అర్థమవడం 7.86 నుంచే. 24.04లో 8.5 ఉంది కాబట్టి అక్కడ పనిచేసింది. చూసుకోకపోవడం నా తప్పే. కానీ అర్థం కానప్పుడు ఆ మాట చెప్పడానికేం?

తర్వాత తవ్వితే మిగతావాటి సంగతీ బయటపడింది. డౌన్‌లోడ్లకు వాడే డబ్ల్యూగెట్‌కు రేంజ్ తెలియదు. గో భాషలో రాసిన ప్రోగ్రాములకు తెలుసు, కానీ డొమైన్ (సైటు పేరు) ముందు చుక్క పెడితే దాని కిందుండే సబ్‌డొమైన్లకే వర్తిస్తుందంటాయి. కర్ల్ ఆ చుక్కను లెక్కచేయదు. జావా అయితే ఈ లైను వైపే చూడదు. అందరూ ఒప్పుకున్న ప్రమాణమంటూ లేదు, ఎవరి భాష్యం వాళ్లది.

కొత్తగా చేరినవాళ్లకు "మూడు లైన్లు, అంతే" అని గొప్పగా చెప్పేవాణ్ని. ఇప్పుడు "రెండు లైన్లు, తర్వాత ఇంకోటుంది, దాని సంగతి టీ తాగుతూ చెబుతా" అంటున్నాను. పాత గూడ్స్ బండికే తిరిగొచ్చాను. కాకపోతే ఐపీలు చేత్తో రాయకుండా ఒక స్క్రిప్ట్ పోగుచేసి రాస్తుంది, డొమైన్ పేర్లు చుక్క లేకుండా ఉంటాయి.

మాకున్నవి డజను సర్వర్లు, ఐపీలు ఏడాదికోసారి కూడా మారవు కాబట్టి నాకు నడిచిపోతోంది. రోజుకో సర్వర్ పుట్టి పోయే చోటైతే దీన్ని నమ్ముకోమని చెప్పలేను. పాత సర్వర్లన్నీ 24.04కు మారాక రేంజ్ మళ్లీ పెడతానేమో. శుక్రవారం మాత్రం కాదు.