పోలింగ్ ముగింపు నుంచి ఫలితం దాకా: ఒక ఏజెంటు సమీక్ష

ఎన్నికల నిర్వహణను ఒక సేవగా భావించి సమీక్షించడం కొందరికి వింతగా తోచవచ్చు గాని, పౌరుడికి ప్రభుత్వ యంత్రాంగం అందించే సేవల్లో ఇంత పెద్దదీ, ఇంత తక్కువ పరిశీలనకు నోచుకున్నదీ మరొకటి లేదని నా అభిప్రాయం. పోలింగ్ మొదలు కావడం అందరూ చూస్తారు, సిరా చుక్క పెట్టిన వేలు చూపిస్తూ ఫొటోలు దిగుతారు. సాయంత్రం తలుపు మూశాక జరిగేది మాత్రం లోపల మిగిలిన పదిమందికే తెలుస్తుంది. 2019 ఏప్రిల్ 11న మా ఊరి బూత్‌లో పోలింగ్ ఏజెంటుగానూ, 2024 జూన్ 4న లెక్కింపు హాలులో కౌంటింగ్ ఏజెంటుగానూ కూర్చున్న అనుభవంతో ఈ రెండు ఘట్టాల నియమాలనూ, వాటి అమలునూ తూకం వేస్తున్నాను. ఏ అభ్యర్థి తరఫున కూర్చున్నాను, ఆయన గెలిచారా ఓడారా అన్నవి ఇక్కడ అప్రస్తుతం.

ముందుగా ముగింపు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49ఆర్ చెప్పేది చాలా సూటిగా ఉంటుంది: నిర్ణయించిన వేళకు ప్రిసైడింగ్ అధికారి (బూత్ బాధ్యత చూసే అధికారి) పోలింగ్ కేంద్రాన్ని మూసివేయాలి, ఆ తర్వాత వచ్చినవారిని రానివ్వకూడదు, అయితే మూసే వేళకే అక్కడికి చేరుకున్న ప్రతి ఓటరు చేతా ఓటు వేయించాలి. ఎవరు వేళకు ముందు వచ్చారు, ఎవరు తర్వాత చేరారు అన్న తగవు వస్తే ఆ అధికారి నిర్ణయమే తుది నిర్ణయం. ఈ నియమాన్ని ఆచరణలో పెట్టే పద్ధతి నాకు ఎంతో నచ్చింది. సంతకం చేసిన చీటీలను వరస మొదటి నుంచి కాకుండా చివరి నుంచి పంచుతారు. చిట్టచివర నిలుచున్న మనిషికి ఒకటో నంబరు చీటీ ఇచ్చి, అక్కడి నుంచి తలుపు వైపు నడుస్తూ వస్తారు. ముందు నుంచి పంచుకుంటూ పోతే అధికారి తోక చేరేలోపు ఆ తోక పెరుగుతూనే ఉంటుంది కదా! ఈ చిన్న ఉపాయం కనిపెట్టినవారు ఎవరో గాని, జనం వరసలో ఎలా నిలబడతారో బాగా ఎరిగినవారై ఉండాలి.

2019లో ఆ పోలింగ్ రోజున ఆంధ్రప్రదేశ్‌లో చాలాచోట్ల యంత్రాలు మొరాయించి అర్ధరాత్రి దాటాక కూడా పోలింగ్ సాగిన సంగతి చదువరులకు గుర్తుండే ఉంటుంది. మా బూత్‌లోనూ ఉదయం గంటకు పైగా ఆగిపోవడంతో, ఎండకు జడిసి వెనక్కి వెళ్లిన ఆడవాళ్లంతా పొద్దువాలాక ఒక్కసారిగా వచ్చారు. ఆరు గంటలకు చీటీలు పంచితే చివరి ఓటు పడేసరికి రాత్రి పది దాటింది. ఒక్క తగవూ రాలేదు. ఈ భాగానికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. చివరి ఓటు పడగానే కంట్రోల్ యూనిట్ (ఓటింగ్ యంత్రంలో అధికారి దగ్గరుండే భాగం) మీద క్లోజ్ బటన్ నొక్కితే యంత్రం ఇక ఒక్క ఓటు కూడా తీసుకోదు, మొత్తం పోలైన ఓట్లెన్నో తెర మీద చూపిస్తుంది. ఆ సంఖ్యను ఓటర్ల రిజిస్టరుతో సరిచూసి ఫారం 17సీ మొదటి భాగంలో రాస్తారు. 49ఎస్ నియమం ప్రకారం ఆ లెక్క నకలును ధ్రువీకరించి, అప్పటికి హాజరుగా ఉన్న ప్రతి పోలింగ్ ఏజెంటుకూ ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఇది ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడనిది, అడిగితేనే ఇచ్చేది కానిది, తప్పనిసరిగా ఇవ్వవలసినది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవస్థకు వెన్నెముక ఈ ఒక్క కాగితమే. యంత్రం స్ట్రాంగ్ రూమ్‌లో ఉన్న రోజుల్లో దాని లోపలి సంఖ్యకు సాక్ష్యం, ఓడిపోబోయే పక్షం ఇంట్లోనూ భద్రంగా ఉంటుంది.

అయితే ‘హాజరుగా ఉన్న’ అన్న మాటలోనే చిక్కు ఉంది. ఆ రాత్రి మా బూత్‌లో ఉదయం కూర్చున్న ఏజెంట్లలో సగం మంది భోజనాలకని వెళ్లి తిరిగి రాలేదు. ప్రిసైడింగ్ అధికారి ముందురోజు నుంచీ కంటిమీద కునుకు లేని మనిషి. యంత్రాన్ని అప్పగించడానికి బస్సు హారన్ కొడుతూ బయట ఎదురుచూస్తోంది. నా చేతికి వచ్చిన నకలులో అంకెలు ఉన్నాయి గాని సంతకం లేదు. గుర్తుచేస్తే విసుక్కోకుండా చేశారు, అది ఆయన మంచితనం. గుర్తుచేయడం తెలియని ఏజెంటు అక్కడ ఉండి ఉంటే సంతకం లేని కాగితంతోనే ఇంటికి పోయేవాడు. ముద్రించిన ఫారాల్లో, గట్టిగా నొక్కి రాసినా కింది ప్రతిలో సగమే పడే కార్బన్ కాగితంతో, మసక వెలుతురులో ఈ పని చేయించడం ఇంకా ఎందుకు సాగుతోందో నాకు అర్థం కాదు.

దాని ఫలితాన్ని అయిదేళ్ల తర్వాత లెక్కింపు హాలులో కళ్లారా చూశాను. సాధారణంగా ఒక హాలులో పద్నాలుగు బల్లలు, వాటికి అడ్డంగా ఇనుప జాలీ, జాలీకి ఇవతల మేము. సెల్‌ఫోన్లు బయటే వదలాలి. కలం, తెల్లకాగితం, 17సీ నకలు మాత్రం వెంట ఉంచుకోవచ్చు. యంత్రం బల్ల మీదికి రాగానే సీళ్లూ, క్రమసంఖ్యా చూపించి, మొత్తం ఓట్లను మా కాగితంతో సరిచూసుకోనిచ్చి, ఆ తర్వాతే రిజల్ట్ బటన్ నొక్కుతారు. ఒక బూత్ యంత్రం మొత్తం చూపించినప్పుడు చివరి అంకె ఒకటి. మా నకలులో అది ఏడులా ఉంది. ఆరు ఓట్ల తేడా! పక్క ఏజెంటు గొంతు పెంచాడు, బల్ల చుట్టూ గాలి వేడెక్కింది. నియోజకవర్గం మొత్తానికి బాధ్యుడైన రిటర్నింగ్ అధికారి దగ్గరున్న అసలు 17సీ తెప్పించి చూస్తే అది ఒకటే, తలకట్టు కాస్త పొడవుగా లాగిన ఒకటి. ఇరవై నిమిషాల్లో సద్దుమణిగింది. నియమం నెగ్గింది, చేతిరాత ఓడింది.

హాలు ఏర్పాట్లలో మంచినీళ్లకూ భోజనానికీ లోటు లేదు. కానీ జాలీ అవతల ఎర్రగా మెరిసే అంకెలు చూపు మందగించిన నాలాంటివాడికి ఆనవు. సూపర్‌వైజరు యంత్రాన్ని ఎత్తి మా వైపు తిప్పి చూపించాలి. మా బల్ల దగ్గర ఉన్న అమ్మాయి ప్రతిసారీ ఓపికగా తిప్పింది, పక్క బల్ల దగ్గర ప్రతిసారీ అడగవలసి వచ్చింది. ఇంకో వింత ఏమిటంటే, రౌండు ఆధిక్యం లోపల కూర్చున్న మాకంటే బయట టీ కొట్టు దగ్గర టీవీ చూస్తున్నవారికే ముందు తెలిసేది.

పోస్టల్ బ్యాలెట్ల సంగతి వేరు. ఉదయం ఎనిమిదికి లెక్కింపు వాటితోనే మొదలవుతుంది, అరగంట తర్వాత యంత్రాల లెక్కింపు చేపట్టవచ్చు. పై కవరు విప్పి ముందు డిక్లరేషన్, అంటే ఓటరు సంతకం చేసి ఇచ్చే ప్రకటన, చూస్తారు. అది సక్రమంగా లేకపోతే లోపలి కవరు తెరవకుండానే ఆ ఓటును తిరస్కరిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది డిక్లరేషన్ మీద ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి పేరూ హోదా ముద్రా లేకపోతే ఏం చేయాలన్న వివాదం లెక్కింపు ముందురోజు దాకా నడిచి సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఎన్నికల విధుల్లో ఉన్నవారి ఓట్ల మీదే అంత ఆలస్యంగా స్పష్టత రావడం సేవాలోపమే. 2025 సెప్టెంబరులో ఎన్నికల కమిషన్ మరో మార్పు ప్రకటించింది: పోస్టల్ బ్యాలెట్లు పూర్తయ్యాకే యంత్రాల లెక్కింపులో చివరి రౌండుకు ముందున్న రౌండు చేపట్టాలి. ఇది రావలసిన మార్పే.

వీవీప్యాట్ చీటీల (ఓటు ఎవరికి పడిందో ఓటరుకు చూపేందుకు యంత్రం ముద్రించే కాగితాల) లెక్కింపు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. బ్యాంకు క్యాషియరు గదిలాంటి జాలీ గూడులో కూర్చుని చీటీలను అభ్యర్థుల వారీగా అరల్లో వేసి, ఇరవై అయిదేసి కట్టలు కడతారు. ఒక్కో శాసనసభ నియోజకవర్గంలో ఒక కేంద్రానికి పరిమితమైన ఈ పరిశీలనను చంద్రబాబు నాయుడు తదితరుల పిటిషన్‌పై 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు అయిదు కేంద్రాలకు పెంచింది. వారు అడిగింది సగం యంత్రాలకు. మొత్తం చీటీలు లెక్కించాలన్న వినతిని 2024 ఏప్రిల్ 26న కోర్టు తోసిపుచ్చింది. అయిదు చాలా, చాలవా అన్న చర్చలోకి నేను దిగను గాని, 56డి నియమం కింద అభ్యర్థి రాతపూర్వకంగా చీటీల లెక్కింపు కోరవచ్చనీ, తేడా వస్తే చీటీల లెక్కే చెల్లుతుందనీ మా వరసలోని ఏజెంట్లలో ఎందరికి తెలుసో అడిగి చూశాను. ఇద్దరికి తెలుసు.

అసలు లోపంగా నేను ఎంచేది మరొకటి ఉంది. కాగితపు ఓట్ల కాలంలో వేర్వేరు బూత్‌ల ఓట్లను కలిపేసి లెక్కించేవారు కాబట్టి ఏ వీధి ఎటు మొగ్గిందో చెప్పడం కష్టం. ఇప్పుడు బూత్ వారీగా అంకె చేతికి వస్తుంది. సాయంత్రానికల్లా ఊళ్లో ఏ పేట ఎవరికి వేసిందో లెక్కలు మొదలవుతాయి. కొన్ని యంత్రాల ఫలితాన్ని కలిపి చూపే టోటలైజర్‌ను కమిషన్ 2008లోనే ప్రతిపాదించింది, 2015లో లా కమిషన్ సమర్థించింది, అయినా అది హాలులోకి రాలేదు. చిన్న ఊళ్లలో ఉండేవారికి ఇది రోడ్లూ పింఛన్లూ నీళ్లూ అడిగేటప్పుడు తగిలే సమస్య.

మొత్తం మీద నియమాలకు అయిదుకు నాలుగున్నర, అమలుకు మూడు. అమలుకు తగ్గించడానికి చివరి కారణం రీకౌంటింగ్. 63వ నియమం ప్రకారం మొత్తాలు ప్రకటించాక, ఫలితాల పట్టిక మీద సంతకం చేసేముందు, రీకౌంటింగ్ కోరేందుకు తగిన వ్యవధి ఇవ్వాలి. అడిగితే అంగీకారమైనా తిరస్కారమైనా కారణాలతో రాసి ఇవ్వాలి. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానం 9 ఓట్లతో, 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో తేలిన రాష్ట్రంలో ఈ వ్యవధి విలువ వేరే చెప్పనక్కరలేదు. మా హాలులో చివరి మొత్తం చదివిన వెంటనే ఈలలూ కేకలూ మిన్నంటాయి, ఆ గోలలో వ్యవధి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో ఎవరికీ తెలియలేదు. ‘ఇప్పటి నుంచి ఇన్ని నిమిషాలు’ అని మైకులో గడియారం చూసి చెప్పి ఉంటే మరో అర మార్కు కలిపేవాణ్ణి.