20 నెలలు బ్రైటెనింగ్ మాస్కులు వాడాక ఏం తగ్గింది, ఏం తగ్గలేదు

ముందే చెప్పేస్తున్నాను, నేను తెల్లబడాలని, ముఖానికి కాంతి తెస్తాయని అమ్మే ఈ మాస్కుల జోలికి పోలేదు. నాది చామనఛాయ, దాంతో నాకే పేచీ లేదు. నా బాధల్లా ముఖమంతా ఒకే రంగులో లేదనే. బాబు పుట్టాక రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది, గడ్డం దగ్గర మొటిమలు పోయినా వాటి నల్ల మచ్చలు పోలేదు, దానికి తోడు రోజూ గుంటూరు ఎండలో స్కూటీ మీద బడికి వెళ్లొస్తాను కాబట్టి నుదురు ఒక రంగు, మెడ ఒక రంగు.

మాస్కులు కొనకముందు ఇంట్లో చేసిన పొరపాటు ఒకటుంది, అది మీరు చేయొద్దు. శనగపిండిలో నిమ్మరసం పిండి పట్టించాను. చురచురమంటే పనిచేస్తోందనుకుని ఓర్చుకున్నాను, కడిగేసి ఆ మధ్యాహ్నమే ఎండలోకి వెళ్లాను. రెండు రోజులకి పెదవి పక్కన ఎర్రగా కందిపోయింది, వారానికల్లా అక్కడ నల్లటి చార. అది పోవడానికి నాలుగు నెలలు పట్టింది. నిమ్మరసం పీహెచ్ (ఈ అంకె ఎంత తగ్గితే అంత పులుపు) 2 దగ్గర ఉంటుంది, మన చర్మానిది 5 దగ్గర, పైగా నిమ్మరసం అంటిన చోట ఎండ తగిలితే కాలినట్టు అయిపోతుంది. మనలాంటి రంగు వాళ్లకి ఏ చిన్న మంట లేచినా దాని వెనకాలే నల్ల మచ్చ వస్తుంది. అందుకే ముఖానికి ఏది రాసినా మంట పుడితే వెంటనే కడిగేయడం అప్పుడే నేర్చుకున్నాను.

ఆ తర్వాత జూన్‌లో, బడి తెరిచిన వారం, షీట్ మాస్కులతో, అంటే సీరమ్ అనే పల్చటి ద్రవంలో నానిన ముఖం ఆకారపు గుడ్డలతో, మొదలుపెట్టాను. ఒక్కోటి వంద రూపాయల లోపే. ఫ్రిజ్‌లో పెట్టి రాత్రి పనులన్నీ అయ్యాక కవరు చింపితే, మడతల్లో తడితడిగా, జారిపోతూ, తీసేటప్పుడే సీరమ్ మోచేతి దాకా కారుతుంది. కవరులో మిగిలింది పారేయకుండా మెడకీ చేతులకీ రాసుకునేదాన్ని. మొదటిసారి చూసి మా అత్తయ్య, "ఏంటమ్మాయ్ ఆ ముసుగు, బాబు చూస్తే జడుసుకుంటాడు, తలుపేసుకో" అన్నారు. పదిహేను నిమిషాలకి తీసేయాలి, ముఖం మీదే ఎండిపోనిస్తే ఉన్న తడి కూడా లాగేస్తుంది.

తెల్లారి లేచి చూసుకుంటే నిజంగానే కళగా ఉంటుంది. కానీ ఆ మెరుపు రెండో రోజు సాయంత్రానికి ఉండదు. పై పొర నీళ్లు పీల్చుకుని ఉబ్బడం వల్ల నున్నగా కనిపిస్తుంది, వెలుతురు సమంగా పడుతుంది, అంతే. మచ్చ మచ్చలాగే ఉంటుంది. పెళ్లికి ముందు రోజు రాత్రి వేసుకోవడానికి మంచిది. వారానికి రెండు చొప్పున నెలకి ఎనిమిది వందల దాకా ఖర్చు పెట్టి మూడు నెలలు వాడాను, ఇప్పుడు ఏదైనా ఫంక్షన్ ఉంటేనే.

తర్వాత కడిగేసే రకం మాస్కుకి మారాను. నియాసినమైడ్ (బి3 విటమిన్‌లో ఒక రకం), మచ్చలు తగ్గడానికి వాడే కోజిక్ యాసిడ్, అతిమధురం ఉన్న మట్టి మాస్కు, వారానికి రెండుసార్లు పది నిమిషాలు. ఆత్రం కొద్దీ కొన్నాళ్లు నాలుగుసార్లు వేశాను, ముక్కు పక్కన పొట్టు లేచి మండింది, కోజిక్ యాసిడ్ కొందరికి పడదు. మొదటిసారి వాడేవాళ్లు చెవి వెనక కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడండి.

మొదటి నుంచీ ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఫోటో తీసుకుంటున్నాను, రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు కదా. మట్టి మాస్కు మొదలుపెట్టిన మూడో నెల ఫోటోలో గడ్డం మీది మచ్చలు తేలికపడ్డాయి. అయితే అదంతా మాస్కు గొప్పే అని చెప్పలేను. అప్పటికే రాత్రిళ్లు 5 శాతం నియాసినమైడ్ సీరమ్ కూడా రాస్తున్నాను. చర్మంలో తయారైన రంగు పై కణాల్లోకి చేరకుండా కొంత అడ్డుకోవడం దాని పని, పది నిమిషాల్లో కడిగేసే మాస్కులో కంటే రాత్రంతా ఉండే సీరమ్‌లోనే దానికి ఎక్కువ సమయం దొరుకుతుంది.

మంగు మాత్రం కదల్లేదు. పైగా ఏప్రిల్ వచ్చేసరికి చున్నీ కట్టుకుని తిరిగినా ఇంకా ముదిరింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన మొదటి మాట, "సన్‌స్క్రీన్ ఎంత రాస్తున్నారు?" నేను రాసేది శనగగింజంత. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పెట్టి అంతా ముఖానికీ మెడకీ రాయాలట, మధ్యాహ్నం మళ్లీ రాయాలట. మంగుకి మామూలు వెలుతురు కూడా శత్రువే కాబట్టి ఆ వెలుతురుని అడ్డుకునే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, కొంచెం రంగు ఉండే సన్‌స్క్రీన్ రాసిచ్చారు. అది మొదలుపెట్టిన ఎనిమిది నెలలకి, మొన్న సంక్రాంతి నాటి ఫోటోలో, కుడి బుగ్గ దాదాపు మామూలైంది. మాస్కుల మీద పెట్టిన డబ్బు ముందే దీని మీద పెట్టి ఉంటే ఆ ఎండాకాలం కలిసొచ్చేది.

ఇంకొకటి, ఇది దయచేసి చదవండి. మా పిన్ని కూతురికి ఒక మందుల షాపులో ఏదో క్రీమ్ ఇచ్చి మాస్కులా పట్టించమన్నారు. రెండు వారాల్లో ముఖం పాలమీగడలా అయింది, ఆపిన వారానికే ఎర్రగా మంటలు, మొటిమలు, బుగ్గల మీద సన్నటి వెంట్రుకలు. అది స్టెరాయిడ్. 2018లోనే ప్రభుత్వం ఇలాంటి క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చింది, అయినా అమ్ముతూనే ఉన్నారు. ట్యూబ్ మీద బెటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్ అని ఉంటే డాక్టర్ చెప్పకుండా ముఖానికి ముట్టుకోకండి. అంత తొందరగా తెల్లబరిచేది ఏదైనా సరే, నాకు భయమే.

అత్తయ్య సున్నిపిండి ఇప్పటికీ ఒంటికి వాడుతున్నాను, ముఖానికి మాత్రం గరుకు ఎక్కువ. ఎడమ బుగ్గ మీద మంగు ఇంకా ఉంది, రూపాయి బిళ్లంత ఉండేది శనగబద్దంత అయింది. మట్టి మాస్కు ట్యూబ్ అయిపోవచ్చింది. మళ్లీ అదే తెప్పించుకుంటాను, ఈ నెల సన్‌స్క్రీన్ కొనగా డబ్బులు మిగిలితే.