చార్జర్ చూసి కొన్న లాప్‌టాప్

నాది కిలోంబావు బరువుండే పలుచటి లాప్‌టాప్, లోపల ఫ్యాన్ కూడా లేదు. మా బావది రెండున్నర కిలోల గేమింగ్ లాప్‌టాప్. ఇద్దరం పెళ్లి పనులే చేస్తాం. ఆయన వీడియో ఎడిటింగ్, నేను ఆల్బమ్ డిజైనింగ్. ప్రాసెసర్, ర్యామ్ సంగతులు ఏ షాపులో అడిగినా చెబుతారు కాబట్టి వదిలేస్తున్నాను. మూడేళ్ల పైచిలుకు వాడాక నేను చెప్పాలనుకునేది చార్జర్ గురించే.

మాది విజయవాడ. 2022 దసరాకి కొన్నప్పుడు బావ నవ్వాడు. "ఒరేయ్, అసలే బ్లేజ్‌వాడ. ఫ్యాన్ లేకుండా మనమే ఉండలేం, అదెట్లా ఉంటుందిరా?" అన్నాడు. నేను మాత్రం ఆయన బ్యాగులో ఇటుకలా ఉండే 230 వాట్ల అడాప్టర్‌ని తలచుకుని, జేబులో పట్టే 30 వాట్ల టైప్-సి చార్జర్‌కే పడిపోయాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు మా సింగ్ నగర్‌లోకి వచ్చేశాయి. మేముండేది మొదటి అంతస్తు, పైన ఇంకేమీ లేదు. కింద వాటా వాళ్లూ మా ఇంట్లోకే వచ్చారు. ముందురోజు వానకి ఇంటికి వెళ్లలేక బావ కూడా ఇక్కడే చిక్కుకుపోయాడు. కరెంటు లేదు. ఇన్వర్టర్ కింద మెట్ల దగ్గర ఉండేది, మొదట మునిగింది అదే. పదకొండు మందిమి, ఏడు ఫోన్లు.

శనివారం రాత్రి కరెంటు వస్తూ పోతూ ఉంటే బావ బ్యాటరీ మీదే రెండర్ (ఎడిట్ చేసిన వీడియోని పూర్తి ఫైలుగా తయారుచేసే పని) పెట్టి పడుకున్నాడు. తెల్లారేసరికి ఆయన లాప్‌టాప్ సున్నా. నా దాంట్లో తొంభై శాతం పైనే ఉంది. సోమవారం దాని వెలుగు పూర్తిగా తగ్గించి ఒక్కో ఫోన్ తగిలించాను. ఎవరికైనా ముప్పై శాతం దాకే. మొదటి వంతు కింద వాటా పెద్దావిడకి, వాళ్లబ్బాయి హైదరాబాద్‌లో కంగారు పడుతుంటాడని. ఏడు ఫోన్లూ ఒక రౌండు తిరిగేసరికి లాప్‌టాప్ అయిపోయింది.

మంగళవారం పక్కింటి కుర్రాడు పడవలో ఫ్లైఓవర్ దాకా వెళ్తూ నా పవర్ బ్యాంకు పట్టుకెళ్లి, సాయంత్రానికి నిండుగా తెచ్చిచ్చాడు. ఫోన్లకు పోను మిగిలింది లాప్‌టాప్‌కి ఎక్కించి, తెనాలి పార్టీకి ఆల్బమ్ షీట్లు చిన్న సైజులో పంపాను. ఇల్లు మునిగినా నీ ఆల్బమ్ గోల నీదే అని మా ఆవిడ తిట్టింది. బావ కూడా అదే వైరు తన దానికి పెట్టి చూశాడు. ఉలకలేదు, పలకలేదు. టైప్-సి రంధ్రం ఉన్నంత మాత్రాన అందులోంచి చార్జి ఎక్కాలని లేదట. పవర్ బ్యాంకు కూడా పీడీ (పవర్ డెలివరీ, అంటే టైప్-సి వైరులోంచి ఎక్కువ కరెంటు ఇచ్చే) రకం కాకపోతే చాలా లాప్‌టాప్‌లకి సరిగా ఎక్కదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆయనది 90 వాట్-అవర్ల బ్యాటరీ, నాది 50. శనివారం ఆయన రెండర్ పెట్టకుండా ఉంటే ఆ ఏడు ఫోన్లకీ దాదాపు రెండు రౌండ్లు వచ్చేవి.

ఎండాకాలం సంగతి బావ చెప్పినట్టే అయింది. 35 డిగ్రీల లోపు చోట వాడమని దాంతో వచ్చిన పుస్తకంలోనే ఉంది. రోహిణీ కార్తెలో మా స్లాబు కింద గదికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? చలికాలంలో టీ తాగి వచ్చేలోపు అయ్యే ఎక్స్‌పోర్ట్, మే నెలలో భోజనం చేసి వచ్చినా సాగుతూనే ఉంటుంది. బోర్లించిన స్టీలు పళ్లెం మీద పెట్టి చూశాను, కొంచెం నయం. ఇప్పుడైతే ఆ నెలంతా తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎక్స్‌పోర్ట్‌లు పెడుతున్నాను. బావది మిక్సీలా అరుస్తుంది, కానీ పని ఆపదు.

తేలిక అన్నాను గానీ, హార్డ్ డిస్కు, హబ్, కార్డ్ రీడర్, మౌసు అన్నీ వేసుకుంటే బ్యాగు మళ్లీ బరువే. బ్యాటరీ కూడా కొన్నప్పటంత లేదు, ఇప్పుడు 81 శాతం చూపిస్తోంది.

నాకైతే మళ్లీ ఇలాంటిదే కావాలి. నావి ఫొటో షీట్లు, పైగా వారానికి మూడు రోజులు గుంటూరు రైల్లో తిరుగుతాను. వీడియో పని వస్తే బావ ఉన్నాడు. ఆ బావ లేనివాళ్లకి ఇదే కొనమని చెప్పలేను.

మొన్న ఆయన కొత్తది చూడటానికి షాపుకి వెళ్తూ నా 30 వాట్ల చార్జర్ జేబులో వేసుకెళ్లాడు, చార్జి ఎక్కుతుందో లేదో అక్కడే తగిలించి చూస్తాడట. ఇంకా తిరిగివ్వలేదు.