ఒమెర్ లెక్క చివరి వారంలో యెరూషలేము: ఎక్కడ దిగాలి, ఎప్పుడు బయల్దేరాలి

పస్కా పండుగ రెండో రాత్రి నుంచి 49 రోజులు, రోజూ చీకటి పడ్డాక యూదులు ఒమెర్ (అంటే పన) లెక్క చెబుతారు. యాభయ్యో రోజు షవువోత్, తెలుగు బైబిల్లో వారముల పండుగ. యవల తొలి పనతో మొదలై గోధుమ రొట్టెల అర్పణతో ముగిసిన పంటల లెక్క ఇది. ఐగుప్తు దాస్యం వదిలినవాళ్లు సీనాయి దగ్గర ధర్మశాస్త్రం అందుకునేదాకా సాగిన దారి కూడా ఇదే. అందుకే "ఇంకా ఇన్ని రోజులు" అని తగ్గించరు, ఒకటి, రెండు అని పెంచుకుంటూ పోతారు.

లేచి నిలబడి, ఆశీర్వచనం చెప్పి, "ఈ రోజు ముప్పై మూడు రోజులు, అంటే నాలుగు వారాల ఐదు రోజులు" అంటారు. రాత్రి మరిస్తే మర్నాడు పగలు ఆశీర్వచనం లేకుండా చెప్పొచ్చు. పగలూ దాటిపోతే మిగతా రోజులన్నీ ఆశీర్వచనం లేకుండానే. సాయంత్రం ఎవరినైనా ఎన్నో రోజని అడిగితే "నిన్న ఇంత" అని జవాబిస్తారు. ఈ రోజు అంకె నోట వస్తే లెక్క చెప్పేసినట్టే అవుతుందని జాగ్రత్త.

33వ రోజు ఉత్తర ఇశ్రాయేలులోని మెరోను కొండ మీద పండుగ మంటలు వేస్తారు. 2021లో అక్కడి తొక్కిసలాటలో 45 మంది పోయారు. పిల్లలతో ఆ కొండకు వెళ్లొద్దు, యెరూషలేము పేటల్లోని మంటలు చాలు.

ఈ యాత్రలో అసలు చూడాల్సింది షవువోత్ రాత్రి. తెల్లవార్లూ ధర్మశాస్త్రం చదువులు సాగుతాయి, వేకువన జనం పడమటి గోడకు (పూర్వపు దేవాలయ ప్రాంగణపు గోడ, యూదుల ప్రార్థనా స్థలం) నడిచి వెళతారు. గది బుక్ చేసేటప్పుడు పొరబాటు ఇక్కడే జరుగుతుంది: మనకు రోజు పొద్దుటితో మొదలు, వాళ్లకు సాయంత్రంతో. 2027లో పండుగ జూన్ 11, శుక్రవారం. అంటే గురువారం మధ్యాహ్నానికే గదిలో ఉండాలి. టెల్ అవీవులో బస చేస్తే ఆ రాత్రి రావడానికి రైలుండదు. పాత నగరపు యాఫా గేటు చుట్టుపక్కల గదులు ఖరీదే, అయినా నడక తక్కువ. యాఫా రోడ్డులో చవకగా దొరుకుతాయి, గోడ దాకా దాదాపు అరగంట నడక. నా ఓటు రెండోదానికే: దారి పొడవునా జనంతో కలిసి నడవడం విడిగా దొరికే అనుభవం కాదు.

సూర్యోదయం ఐదున్నర ప్రాంతం, నాలుగుకే బయల్దేరండి. ఊరు ఎత్తు మీదుంది, జూన్‌లోనూ వేకువన చలి. పల్చటి స్వెట్టర్ ఉంచుకోండి. మగవాళ్లకు తల కప్పు తప్పనిసరి, ఆడవాళ్లకు వేరే వైపు. గోడ దగ్గర పండుగనాడు ఫోన్ తీయకూడదు, ఫొటోలు వద్దు.

2027లో పండుగ వెంటే శనివారం, యూదుల విశ్రాంతి దినం. యూదుల దుకాణాలు, ట్రామ్, విమానాశ్రయం రైలు వరుసగా రెండు రోజులు ఉండవు. రొట్టె, పెరుగు, పళ్లు గురువారం ఉదయమే కొనిపెట్టుకోండి, తిరుగు విమానం ఆదివారానికి పెట్టుకోండి.