సెయింట్ ఐవ్స్‌లో రెండు రోజులు: టెర్రీ ఫ్రాస్ట్ నడిచిన రేవు

మేముండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. ఇక్కడి యూనివర్సిటీలో టెర్రీ ఫ్రాస్ట్ అనే బ్రిటిష్ చిత్రకారుడు 1965 నుంచి 1981 దాకా పెయింటింగ్ నేర్పాడని ఈ మధ్యే తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1941లో క్రీట్ దీవిలో జర్మన్లకి దొరికి, బవేరియా ఖైదీల క్యాంపులో గుర్రపు వెంట్రుకల బ్రష్షులతో, సార్డిన్ డబ్బాల నూనె కలిపిన రంగులతో బొమ్మలు మొదలెట్టిన మనిషి. అలాంటాయన తర్వాత కాపురం పెట్టిన ఊరు, కార్న్‌వాల్ తీరంలోని సెయింట్ ఐవ్స్, చూడాలనిపించింది.

రెడింగ్ నుంచి సెయింట్ ఎర్త్‌కి ఒకటే రైలు, ఐదు గంటల ప్రయాణం, కాస్త అటూ ఇటూ. అక్కడ సెయింట్ ఐవ్స్‌కి వెళ్ళే చిన్న రైలెక్కి కుడివైపు కూర్చోండి, చివరిదాకా సముద్రమే.

బస మాత్రం బాధే. రేవు వెనక సందులో పై అంతస్తు గది, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి, లిఫ్ట్ లేదు. నా స్నానం అయ్యాక మా ఆయనకి మిగిలింది చన్నీళ్ళే. అడిగితే "పాత ఇల్లు కదా" అని నవ్వారు. ఆ రేటుకి మళ్ళీ వెళ్ళను.

టేట్ గ్యాలరీ బాగుంది, పోర్త్‌మియర్ బీచ్ ఎదురుగానే, కానీ ఫ్రాస్ట్ బొమ్మల కోసమే వెళ్తుంటే ఏవి గోడ మీద ఉన్నాయో ముందే కనుక్కోండి. నాకు శిల్పి బార్బరా హెప్‌వర్త్ శిల్పాల తోటే ఎక్కువ నచ్చింది. 1950-51 ప్రాంతంలో ఫ్రాస్ట్ ఆవిడ దగ్గర రాయి చెక్కే సహాయకుడిగా పనిచేశాడు.

అసలు చూడాల్సింది రేవు, అదీ నీళ్ళు వెనక్కి వెళ్ళినప్పుడు. పడవలన్నీ తడి ఇసుకలో పక్కకి ఒరిగి ఉంటాయి, తాళ్ళు వదులుగా, నాచు పట్టి. గట్టు మీద నడుస్తూ కిందికి చూస్తే ఆ ఒరిగిన పడవలు అచ్చం సగం చందమామలే! ఫ్రాస్ట్ 1950లో వేసిన 'వాక్ అలాంగ్ ద క్వే' బొమ్మని ఫోన్‌లో తెరిచి పక్కన పెట్టుకున్నాను. అంత సన్నగా, నిలువుగా ఎందుకు వేశాడా అని ఇంట్లో అనుకున్నదాన్ని, గట్టు చివరిదాకా నడిచాక ఇంక అడగలేదు. సాయంత్రం నీళ్ళొచ్చి పడవలు ఒక్కొక్కటీ లేచి నిలబడుతుంటే గంటసేపు అక్కడే ఉండిపోయాం.

1974లో ఫ్రాస్ట్ మకాం మార్చిన, దగ్గర్లోని న్యూలిన్‌కి వెళ్ళడానికి టైమ్ చాల్లేదు.

తిండికి చీజ్, ఉల్లిపాయ పేస్టీ (పిండి మడతలో కూరి కాల్చింది) దొరుకుతుంది, శాకాహారులకి ఫర్వాలేదు. కాకపోతే గోడకి ఆనుకుని తినండి. నేను బొమ్మ గురించి మా ఆయనకి చెబుతూ చెయ్యి ఊపానో లేదో, సగం పేస్టీ సీగల్ ముక్కులో ఉంది.