టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో ఎనిమిది నెలలు

పని బాగానే చేస్తున్నావు గానీ, క్లయింటు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పవని మా మేనేజరు వరుసగా రెండు వార్షిక సమీక్షల్లో అన్న తరువాత, నేను మొదట అమీర్‌పేటలోని ఒక స్పోకెన్ ఇంగ్లీషు కేంద్రంలో చేరాను. నలభై మంది కిక్కిరిసిన ఆ గదిలో నెల రోజులపాటు ఉచ్చారణ, కాలాలు, ఇంటర్వ్యూ వాక్యాలు వల్లె వేయించారే తప్ప, నేను లేచి నిలబడి మాట్లాడింది మొత్తం మీద పది నిమిషాలు కూడా ఉండదు. నా లోపం యాసలో లేదు. ఏది అడిగినా ముందుగా దాని పుట్టుపూర్వోత్తరాలు ఏకరువు పెట్టే అలవాటులో ఉంది. దాన్ని పట్టుకునే ఏర్పాటు అక్కడ లేదు.

తరువాత ఒక సహోద్యోగి వెంట, నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుకు అతిథిగా వెళ్ళాను. 1924లో అమెరికాలోని శాంటా ఆనాలో, ఒక వై.ఎం.సి.ఎ. భవనంలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో గురువంటూ ఎవరూ ఉండరు. సభ్యులే ఒకరికొకరు శ్రోతలు, ఒకరికొకరు పరీక్షకులు. సిద్ధమై వచ్చి ఇచ్చే ఉపన్యాసానికి సాధారణంగా 5 నుంచి 7 నిమిషాలు, అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద మాట్లాడే ‘టేబుల్ టాపిక్స్’కు 1 నుంచి 2 నిమిషాలు గడువు ఉంటుంది. గడువు దగ్గరపడుతున్న కొద్దీ టైమర్ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులను వరుసగా చూపిస్తుంటే, ‘ఆ కౌంటర్’ (Ah-Counter) బాధ్యతలో ఉన్నవారు సాగదీతలనూ ఊతపదాలనూ లెక్కపెడతారు.

నాకు మొదటిసారి వచ్చిన అంశం ‘మీ ఊరి బస్టాండు’. ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో మొదలుపెట్టి, చెరువు గట్టు దాటి, బడి దగ్గరకు చేరేసరికి ఎర్ర కార్డు లేచింది. బస్టాండు రానే లేదు. రెండు నిమిషాల్లో ‘బేసికల్లీ’ అనే మాట తొమ్మిదిసార్లు వాడానని చదివి వినిపించినప్పుడు అందరితోపాటు నేనూ నవ్వాను గానీ, ఆ అంకె మాత్రం ఇంటిదాకా వెంట వచ్చింది. మేనేజరు రెండేళ్ళుగా చెబుతున్నది ఆ కార్డు రెండు నిమిషాల్లో చెప్పింది. ఇప్పుడు క్లయింటు కాల్‌లో విడుదల రెండు రోజులు ఆలస్యమవుతుందన్న మాట ముందు చెబుతున్నాను. కారణం అడిగితేనే వివరిస్తున్నాను.

అయితే ఇది అన్నిటికీ మందు కాదు. క్లబ్బులో మీ గడువు పూర్తయ్యే వరకు అందరూ మర్యాదగా వింటారు, చివర చప్పట్లు కొడతారు. ఆఫీసు మీటింగులో రెండో వాక్యానికే ఎవరో ఒకరు అడ్డు తగులుతారు. ఆ అడ్డును తట్టుకుని మళ్ళీ దారిలోకి రావడం క్లబ్బులో పెద్దగా అలవడదు. ఈమెయిలు రాయడం కూడా ఈ సాధనలో భాగం కాదు. ఇంగ్లీషులో వాక్యం కూర్చడమే ఇంకా కష్టంగా ఉన్నవారికి ఇంగ్లీషులో నడిచే క్లబ్బులో మొదటి నెలలు భారంగానే గడుస్తాయి.

సభ్యత్వ రుసుము ఆరు నెలలకోసారి కట్టాలి. క్లబ్బు క్లబ్బుకూ వాతావరణం మారుతుంది కనుక, కట్టే ముందు రెండు మూడు చోట్లకు అతిథిగా వెళ్ళి, మూల్యాంకనం చేసేవారు ఉత్త పొగడ్తతో సరిపెడుతున్నారా, దిద్దుకోవలసినది కూడా చెబుతున్నారా అన్నది గమనించండి.