ఆరు గడుల పట్టికతో కోచింగ్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

సపోర్ట్ టీమ్‌కు లీడ్‌గా ఉన్నాను. కొన్నేళ్లుగా మా వాళ్లకు కోచింగ్ ఇచ్చేటప్పుడు అమెరికన్ మనస్తత్వవేత్త థామస్ గిల్బర్ట్ 1978లో వివరించిన ఆరు గడుల పట్టికనే వాడుతున్నాను. పని ఎందుకు సరిగా జరగట్లేదో వెతకడానికి పనికొచ్చే పట్టిక ఇది. పై వరుసలో పనిచేసే చోటు ఇచ్చేవి ఉంటాయి: సమాచారం, పనిముట్లు, ప్రతిఫలం. కింది వరుసలో మనిషి తెచ్చుకునేవి: తెలివిడి, సామర్థ్యం, ఆసక్తి. పని ఎక్కడ కుంటుపడినా ముందు పై వరుసలోనే వెతకమంటాడాయన.

పట్టిక కన్నా దానికి ముందు వేసుకోవాల్సిన ప్రశ్నే నాకు ఎక్కువ ఉపయోగపడింది. మనిషి సీట్లోంచి లేచి వెళ్లాక అక్కడ మిగిలిందేమిటి? మర్యాదగా మాట్లాడటం మంచిదే, కానీ అది ప్రవర్తన. అదే సమస్యతో కస్టమర్ మళ్లీ ఫోన్ చేయకపోవడం ఫలితం. ఈ తేడా పట్టుకుంటే 'ఇంకాస్త చొరవ చూపించు' లాంటి గాలి మాటలు వాటంతటవే తగ్గిపోతాయి.

మా టీమ్‌లో ఒకబ్బాయి మూసిన టికెట్లు, అంటే పరిష్కారమైందని ముగించిన కస్టమర్ ఫిర్యాదులు, తరచూ మళ్లీ తెరుచుకునేవి. అందరూ ట్రైనింగ్‌కి పంపమన్నారు. చూస్తే, మళ్లీ తెరుచుకున్నవి వేరే షిఫ్ట్‌కి వెళ్తున్నాయి, ఆ సంగతే ఇతనికి తెలియదు. అంటే లోపం పై వరుసలోని సమాచారం గడిలో ఉంది. వారం వారం ఆ జాబితా అతని చేతికి ఇవ్వడం మొదలుపెట్టాం. ట్రైనింగ్ అవసరమే రాలేదు.

లోపాలూ ఉన్నాయి. ప్రతిఫలం గడిలో సమస్య కనిపించినా జీతం, ప్రమోషన్ నా చేతిలో లేవు. పట్టిక చూపిస్తుంది, నేను తల ఊపుతాను, అంతే. ఎదుటి మనిషితో మాట ఎలా మొదలుపెట్టాలో కూడా ఇది చెప్పదు. అందుకు నేను కోచింగ్ మీద పుస్తకాలు రాసిన జాన్ విట్‌మోర్ ప్రచారంలోకి తెచ్చిన గ్రో (GROW) పద్ధతి వాడతాను: లక్ష్యం, ఇప్పటి పరిస్థితి, దారులు, ఏం చేస్తావు అనే వరుస. రెండూ కలిస్తేనే కోచింగ్ నడుస్తుంది.

అందరికన్నా బాగా చేసేవారి ఫలితాన్ని మామూలు ఫలితంతో పోల్చే గిల్బర్ట్ లెక్క ఇంకొకటుంది. అవకాశం ఎక్కడుందో చెప్పడానికి అది బాగుంటుంది. టీమ్ ముందు పెడితే మాత్రం ర్యాంకుల జాబితా అయిపోయి టెన్షన్ పెడుతుంది. నా దగ్గరే ఉంచుకుంటాను.

కొత్తగా మేనేజర్ అయినవాళ్లకు ధైర్యంగా సిఫారసు చేస్తాను. హెచ్‌ఆర్ దీన్ని ఫారమ్‌గా మార్చితే మాత్రం వద్దు, ఆరు గడులూ నింపాలి కాబట్టి ఏదో ఒకటి రాసేస్తారు.